ఆల్ఫోన్స్ బెర్తియోన్ : కొలబద్ద నుండి వ్రేలిముద్రకు

యానాములోని పాత కుటుంబముల పెట్టెలు తెరచినచో మూడు విధములగు కాగితములు కానవచ్చును. 1954వ సంవత్సరము వరకు ఇచట ఫ్రెంచివారి పాలన సాగినది గనుక తాతగారి జననపత్రము ఫ్రెంచి భాషలో నుండును. తండ్రిగారి పాఠశాల పత్రము ఇంగ్లీషులో నుండును. పొలము దస్తావేజు తెలుగులో నుండును. మూడింటను మనిషి యొక్కడే, పేరు నొక్కటియే; కాని వర్ణక్రమము మాత్రము మూడు తీరులు. ఫ్రెంచి గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసెను. ఇంగ్లీషు గుమాస్తా తన యలవాటు చొప్పున వ్రాసెను. ఈ పేర్లన్నియు నొక్కరివే యని ఋజువు చేయుటకై కచేరీల చుట్టు తిరిగిన తలిదండ్రులు మా చదువరులలో కొందఱైన నుందురు. ఇక సంతకము చేయనేరని పూర్వులు దస్తావేజు అంచున నొక నల్లని బొటనవ్రేలి గుర్తు వేసి పోయిరి. దానిని మనవారు నిశాని యందురు. గుమాస్తాల చేతిలో పేర్లు ఎన్ని రూపములు పొందినను ఆ నిశాని మాత్రము మారలేదు.

పేరును నమ్మక మనిషిని గుర్తించుట యెట్లు? ఈ యొక్క ప్రశ్నకే తన జీవితమంతయు ధారవోసిన ఫ్రెంచి దేశస్థుడు ఆల్ఫోన్స్ బెర్తియోన్. ఇంగ్లీషు చదివినవారు బెర్టిలాన్ అని పలుకుదురు. మన యూరి వృద్ధులు ఫ్రెంచి నేర్చినవారు గనుక వారి పలుకుబడినే మేము గ్రహించితిమి. ఆయన చరిత్రలో సగము విజయము, సగము పరాజయము. విజయమును మాత్రమే చెప్పి ఊరకుండుట జీవితచరిత్ర కాదు గనుక రెండింటిని చెప్పెదము.

బెర్తియోన్ 1853వ సంవత్సరము ఏప్రిల్ మాసమున పారిసు నగరమున జన్మించెను. తండ్రి లూయీ అదోల్ఫ్ వైద్యుడు, జనసంఖ్యా శాస్త్రమున పేరెన్నికగన్నవాడు. సోదరుడు ఝాక్ మరణకారణములను వర్గీకరించి 1893లో నొక పట్టికను సిద్ధపఱచెను. నేడు లోకమంతట ఆసుపత్రులలో వాడుచున్న రోగముల వర్గీకరణమునకు అదియే మొదలు. ఇట్టి పండితుల యింట ఆల్ఫోన్స్ ఒక్కడే చదువున వెనుకబడెను. ఒకటికి మించిన పాఠశాలలు అతనిని వెడలగొట్టినవి. మితభాషి, ముక్కోపి, మనసులోని మాటను తిన్నగా చెప్పనేరనివాడు. కొంతకాలము బ్రిటనులో పిల్లలకు ఫ్రెంచి నేర్పెను. కొంతకాలము సైన్యమున నుండెను. ఏ పనియు నిలువలేదు. కాని తండ్రియు, తండ్రి మిత్రులగు మానవశాస్త్రజ్ఞులును మనుష్యుల ఎముకలను, కపాలములను కొలుచుచుండుట అతడు బాల్యము నుండి చూచుచునే యుండెను. ఏ యిద్దఱి కొలతలును పూర్తిగ సరిపోవు అను మాట ఆ యింట నిత్యము వినబడునది.

1879లో తండ్రి పలుకుబడిచే అతనికి పారిసు పోలీసు కచేరిలో నొక చిన్న గుమాస్తా పని దొరికెను. అప్పటికి వయసు ఇంచుమించు ఇరువదియాఱు. పట్టుబడిన నేరస్థుల వర్ణనలను చీటీలపై నకలు వ్రాయుటయే ఆ యుద్యోగము. ఆ వర్ణనలు చూడగా నవ్వు వచ్చును: పొడవు సామాన్యము, ముఖము సామాన్యము, ముక్కు సామాన్యము. పారిసులో సగము జనమునకు ఆ చీటీ సరిపోవును. ఛాయాచిత్రములు కూడ వేలకొలది గలవు. కాని అవి పేర్ల వరుసను అమర్చబడినవి. పేరు మార్చి చెప్పిన దొంగకు ఆ గుట్టలో చిత్రము వెదకుట గడ్డివామిలో సూది వెదకుట వంటిది.

పూర్వము ఫ్రాన్సులో నేరస్థుల భుజముపై కాల్చిన యినుముతో వాత వేయుచుండిరి. ఆ క్రూరాచారము 1832లో రద్దయ్యెను. రద్దగుట మంచిదే, కాని నాటి నుండి పాత నేరస్థుడెవడో, మొదటిసారి తప్పు చేసినవాడెవడో తెలియు మార్గము లేకపోయెను. మొదటి తప్పునకు న్యాయాధిపతి కనికరము చూపును. పలుమాఱు చేసినవానిని కఠినముగ శిక్షించును. కావున పాత దొంగ ప్రతిసారియు క్రొత్త పేరు చెప్పును. అంతకంటె ఘోరమేమనగా, ఆ పేరు వేఱొక మంచివానిదైనచో వాని మీద మచ్చ పడును. గుర్తింపు శాస్త్రము దొంగను పట్టుటకు మాత్రమే కాదు, దొంగ కానివానిని విడిపించుటకును అక్కఱకు వచ్చునని తలిదండ్రులు గమనింతురు గాక.

చలిగదిలో కూర్చుండి నకళ్లు వ్రాయుచు బెర్తియోన్ ఒక యుపాయము కనిపెట్టెను. ఇరువది యేండ్లు నిండిన పిమ్మట మనిషి యెముకల పొడవు మారదు. కావున నిలుచున్న యెత్తు, చాచిన చేతుల వెడల్పు, కూర్చున్న యెత్తు, తల పొడవు, తల వెడల్పు, ఎడమ పాదము, ఎడమ మోచేతి నుండి వ్రేలి కొన వఱకు గల మూర, నడిమి వ్రేలు, చిటికెన వ్రేలు, చెవి, ఇట్లు పదునొకండు కొలతలు గైకొనినచో మనిషిని పట్టవచ్చును. పైయధికారియగు అంద్రియె ఆ విజ్ఞప్తిని చూచి, ఈ గుమాస్తాకు మతి చలించినదని తలచి త్రోసివేసెను. పత్రములోని మాటలు అంత గందరగోళముగ నుండెనట. భావము గొప్పదైనను భాష చెడినచో ఏమగునో విద్యార్థులు ఇందు చూడవచ్చును. మూడేండ్లు గడచినవి. 1882 చివరన క్రొత్త యధికారి కమెకాస్ మూడు మాసముల గడువిచ్చెను. ఆ వ్యవధిలో ఒక్క పాత నేరస్థునినైన పట్టిచూపవలెను. అనగా నొకడు పట్టుబడి, శిక్ష ముగిసి విడుదలయై, మరల తప్పు చేసి, మరల పట్టుబడుట, అంతయు మూడు మాసములలో జరుగవలెను!

జరిగెను. 1883 ఫిబ్రవరి 20వ తేదీన దుపోన్ అని పేరు చెప్పిన యొకని కొలతలు, రెండు మాసముల క్రిందట మార్తాన్ అను పేర పట్టుబడినవాని చీటీతో సరిపోయినవి. వాడు తప్పొప్పుకొనెను. అప్పటికి తండ్రి అవసానదశలో నుండెను. అదే మాసము 28వ తేదీన ఆయన కన్నుమూసెను. చదువురాని కొడుకని ఇంటిల్లిపాదియు విచారించిన వాని గెలుపు ఆ వారముదినములలోనే కలిగినది. ఆ సంవత్సరమున 49 మంది, మఱుచటి సంవత్సరమున 241 మంది పాత నేరస్థులు ఈ విధమున గుర్తింపబడిరి.

ఇందలి గణితము మన ఉన్నత పాఠశాల బాలురకు అందునదే. చీటీలు 90,000 ఉన్నవనుకొనుడు. తల పొడవును బట్టి పొట్టి, నడిమి, పొడవు అని మూడు భాగములు చేసినచో ఒక్కొక్క భాగమున 30,000. తల వెడల్పును బట్టి మరల మూడు చేసినచో 10,000. నడిమి వ్రేలిని బట్టి 3,333. ఇట్లు మూడింట విభజించుచు పోగా ఎనిమిదవ మెట్టున పదునాలుగు చీటీలకు మించి మిగులవు. వానిని చేతితో తిరుగవేయుటకు కొలది నిమిషములు చాలును. ఇద్దఱు మనుష్యులకు పదునొకండు కొలతలును కలియుట 41,94,304లో నొక్కసారి యని లెక్క. నాలుగును పదునొకండు మారులు హెచ్చించిన ఆ సంఖ్య వచ్చును. అయితే ఈ లెక్కలో నొక దోషము కలదు. పొడగరికి సాధారణముగ చేతులును పాదములును పొడవే. ఒక కొలత మఱియొక కొలతను వెంటబెట్టుకొని వచ్చునప్పుడు వేఱువేఱు సాక్షులుగ ఎంచరాదు. 1888లో ఈ సంగతిని ఎత్తి చూపినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్.

అయినను బెర్తియోన్ కీర్తి దిగంతములకు వ్యాపించెను. 1885లో ఫ్రాన్సు పాత నేరస్థులను సముద్రములకావలి వలసలకు పంపివేయు శాసనము చేసెను. ఎవడు పాతవాడో తేల్చవలసిన భారము అతని కొలబద్దపై పడెను. 1888లో ప్రత్యేక శాఖ యేర్పడి అతడు దాని కధిపతి యయ్యెను. నేడు పోలీసు స్టేషనులలో ముద్దాయిని ఎదుట నుండి ఒకటి, ప్రక్క నుండి ఒకటి ఛాయాచిత్రము తీయు పద్ధతిని క్రమబద్ధము చేసినది ఆయనయే. హత్య జరిగిన చోటును అంగుళమంగుళము కొలతలతో చిత్రము తీయుట నేర్పినది ఆయనయే. షెర్లాక్ హోమ్స్ కథలలో సయితము ఆయన పేరు వచ్చును.

ఇక చెప్పవలసినది కష్టమైన భాగము.

1894 శరత్కాలమున పారిసులోని జర్మను రాయబారి కచేరి చెత్తబుట్ట నుండి ఫ్రెంచి సైన్య రహస్యముల నమ్మకమునకు సంబంధించిన యొక చీటీ దొరికెను. సైన్యాధికారుల యనుమానము యూదు జాతీయుడగు కాప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ మీదికి పోయెను. చేవ్రాత అతనిదేనా యని మొదట అడుగబడిన నిపుణుడు సందేహించెను. అంతట బెర్తియోన్‌ను పిలిచిరి. చేవ్రాతలను పరీక్షించుట ఆయన విద్య కాదు. ఆ మాట చెప్పి తప్పుకొనవలసినది. తప్పుకొనలేదు. చీటీలోని అక్షరములు డ్రేఫస్ వ్రాతను పోలిన చోట, వ్రాసినవాడు డ్రేఫస్ గనుక పోలినవనెను. పోలని చోట, పట్టుబడకుండుటకై డ్రేఫస్ తన వ్రాతను తానే మార్చి వ్రాసెననెను. పోలినను నేరమే, పోలకున్నను నేరమే! ఇట్టి తర్కమున ఏ నిరపరాధి బయటపడగలడు? గీతలు, గళ్లు, కొలతలు గీచి అల్లిన ఆ పటములను న్యాయాధిపతులు అర్థము చేసికొనలేదు. కాని ఖ్యాతిగాంచిన శాస్త్రజ్ఞుడు చెప్పెను గదా యని నమ్మిరి. రహస్యముగ నందింపబడిన వేఱు పత్రములును వారి మనస్సులను విఱిచినవి. డ్రేఫస్‌ను అవమానించి, అమెరికా ఖండపు తీరమున డెవిల్స్ ఐలండ్ అను చిన్న దీవిలో ఏకాకిగ బంధించిరి. నాలుగేండ్లకు మించి అతడచట నుండెను. చీటీ వ్రాసినవాడు ఎస్తర్హాజీ యను వేఱొక యుద్యోగి యని బయటపడిన తరువాత సయితము, 1899లో రెన్న్ నగరపు పునర్విచారణలో బెర్తియోన్ తన మాటనే పట్టుకొని వాదించెను. డ్రేఫస్ మరల దోషి యనిపించుకొని, రాష్ట్రాధ్యక్షుని క్షమాభిక్షచే విడుదలయ్యెను. 1904లో హెన్రీ పువాంకరే మొదలగు మువ్వురు గణితవేత్తలు బెర్తియోన్ లెక్కలను పరిశీలించి, అందు శాస్త్రము లేశమును లేదని నివేదించిరి. 1906లో ఉన్నత న్యాయస్థానము డ్రేఫస్‌ను నిర్దోషిగ ప్రకటించెను.

బెర్తియోన్ దుష్టుడని మేము తలంపము. లంచము తినినవాడు కాడు. పదునొకండు కొలతలు తన్ను మోసగింపలేదు గనుక తానెన్నడును మోసపోననుకొనెను. కాని దీవిలో నున్నవానికి ఈ భేదముతో పనిలేదు.

ఆ సంవత్సరములలోనే ఆయన పద్ధతికి మూలచ్ఛేదము చేయునది మన దేశమున పుట్టుచుండెను. వంగదేశమున 1858లోనే విలియం హెర్షెల్ అను నుద్యోగి ఒక గుత్తదారుచే ఒడంబడిక పత్రముపై చేతిముద్ర వేయించెను. తరువాత వంగ పోలీసువారు బెర్తియోన్ కొలతలనే అవలంబించిరి. చిక్కులు ఆరంభమైనవి. ఒక జవాను కొలిచిన మూర మఱియొక జవాను కొలువగా వేఱుగ వచ్చును. పరికరములు ఖరీదైనవి, అరిగిపోవును. ఎదుగుచున్న బాలురకు కొలతలు పనికిరావు. పోలీసు ఇన్స్పెక్టరు జనరలుగ నుండిన ఎడ్వర్డ్ హెన్రీ గాల్టన్ గ్రంథము చదివి వ్రేలిముద్రల వైపు తిరిగెను. ముద్ర తీయుటకు సిరాయు కాగితమును చాలును. కొలుచువాని పొరపాటునకు తావులేదు. కాని లక్ష ముద్రలలో ఒకదానిని వెదకుట యెట్లు? ఈ చిక్కుముడిని విప్పినది హెన్రీ క్రింద సబ్‌ఇన్స్పెక్టరుగ పనిచేసిన గణితజ్ఞుడు అజీజుల్ హక్. పది వ్రేళ్లలో దేనియందు సుడి యున్నది, దేనియందు లేదు అని మాత్రమే చూచినచో రెండును పది మారులు హెచ్చింపగా 1,024 తరగతులు వచ్చును. ముప్పదిరెండు నిలువు, ముప్పదిరెండడ్డము గల అఱల బీరువా నొకటి చేయించినచో ప్రతి ముద్రకును ఒక యిల్లు దొరకును. హేమచంద్ర బోసు అను మఱియొక సబ్‌ఇన్స్పెక్టరు దీనిని ఇంకను సూక్ష్మముగ విభజించెను. 1897 జూన్ 12వ తేదీన ప్రభుత్వము ఆమోదించగా కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము నెలకొనెను. పద్ధతికి పేరు మాత్రము హెన్రీది నిలిచినది. చాల యేండ్లకు ఆ యిద్దఱికి ఖాన్ బహదూరు, రాయ్ బహదూరు బిరుదములు లభించినవి. మా పాఠశాల బాలురు ఈ మూడు పేర్లను కలిపి నేర్చుకొందురని మా కోరిక.

వ్రేలి కొనలను చూచుకొనుడు. మన సాముద్రికులు చక్రము, శంఖము అని పిలుచు రేఖలు శిశువు తల్లి గర్భమున నుండగనే యేర్పడి కడవఱకు మారక నిలుచును. పైచర్మము గీఱుకొనినను క్రొత్త చర్మము పాత రేఖలతోనే వచ్చును. ఒక్క కాన్పున పుట్టిన కవల పిల్లలకును అవి యొక్కటి గావు. రేఖలపై నున్న సన్నని రంధ్రముల నుండి చెమట యూరును గనుక గాజును తాకినచో ముద్ర పడును.

1898లో వంగదేశపు జల్పాయిగురి జిల్లాలో నొక తేయాకు తోట మేనేజరు తన పడకగదిలో గొంతు కోయబడి చనిపోయెను. పెట్టె పగులగొట్టబడినది. అందున్న వంగ పంచాంగముపై రక్తపు మరక లుండెను. ఆ మరకలలో నొకటి, పూర్వము ఆ యింట దొంగతనము చేసి శిక్ష పొందిన సేవకుని కుడి బొటనవ్రేలి ముద్రతో సరిపోయెను. కాని న్యాయస్థానము ఏమి చేసెనో చూడుడు. వాడు పెట్టెను ముట్టెనని ముద్ర చెప్పుచున్నది. కత్తి పట్టెనని చెప్పుట లేదు. కావున దొంగతనమునకు శిక్షించి, హత్యానేరమును కొట్టివేసిరి. పారిసులో పండితుడు పటములు గీచి నిరపరాధిని దీవికి పంపిన నాలుగేండ్లకు, వంగదేశపు జిల్లా కచేరిలో ఒక్క బొటనవ్రేలి సాక్ష్యమును ఇంత జాగ్రత్తగ తూచిరి. మాకు ఈ తీర్పు మిక్కిలి నచ్చినది.

బెర్తియోన్‌కు వ్రేలిముద్రల సంగతి తెలియక పోలేదు. 1894 నుండి తన చీటీల అడుగున కుడిచేతి వ్రేళ్ల ముద్రలను కొన్నింటిని చేర్చుచునే యుండెను. కాని కొలతలే రాజు, ముద్ర బంటు. విచిత్రమేమనగా, పారిసులో ముద్రచే హంతకుని తొలుత పట్టినవాడు ఆయనయే. 1902 అక్టోబరులో నొక దంతవైద్యుని యింట సేవకుడు రైబెల్ చంపబడెను. పగిలిన బీరువా అద్దముపై నాలుగు వ్రేళ్ల గుర్తులుండెను. బెర్తియోన్ వానిని ఛాయాచిత్రము తీసి, ఓపికతో చీటీలు వెదకి, అదే సంవత్సరమున దొంగతనమునకై పట్టుబడిన షెఫేర్ అనువాని ముద్రలని కనుగొనెను. లోకమంతయు శ్లాఘించెను. ఆయన మాత్రము సంతోషించినట్లు కానరాదు. తన చేతులతో తన శత్రువును సింహాసన మెక్కించితినని అనుకొనెనేమో! అప్పటికే ఇంగ్లండు 1901లో హెన్రీ పద్ధతిని స్వీకరించి కొలబద్దను మూలబెట్టినది.

ఆ మొండితనమునకు మూల్యము 1911లో చెల్లించవలసి వచ్చెను. ఆగస్టు 21వ తేదీన పారిసు లూవ్ర్ ప్రదర్శనశాల నుండి మోనాలీసా చిత్రము అపహరింపబడెను. దొంగ విడిచిపోయిన అద్దపు చట్రముపై బొటనవ్రేలి ముద్ర స్పష్టముగ నుండెను. దొంగయగు పెరూజ్జా అంతకుముందే పారిసులో పట్టుబడినవాడు. వాని చీటీ బెర్తియోన్ బీరువాలోనే యున్నది! కాని చీటీలు కొలతల వరుసను అమర్చబడినవి. అద్దముపై ముద్రకు తల పొడవు లేదు, మూర లేదు. పైగా ముద్ర ఎడమ చేతిది; చీటీలపై నున్నవి కుడిచేతివి. కలకత్తా అఱలలో పది వ్రేళ్లకును చోటుండెను. పారిసులో ఎడమచేతికి చోటు లేదు. రెండేండ్లు దాటిన పిమ్మట 1913 డిసెంబరులో ఆ దొంగ ఫ్లారెన్సు నగరమున చిత్రము నమ్మజూపి తనంతట తానే పట్టుబడెను.

అప్పటికి బెర్తియోన్ ఆరోగ్యము పూర్తిగ క్షీణించినది. లోకములోని ముఖములన్నింటిని కొలిచిన ఆయన చూపు మందగించినది. 1914 ఫిబ్రవరి 13వ తేదీన మరణించెను. డ్రేఫస్ విషయమున తాను పొరబడితినని కడవఱకు ఒప్పుకొనలేదు. ఆయన పోయిన తరువాత ఫ్రాన్సులోను కొలతలు వెనుకబడి, ముద్రలు ముందుకు వచ్చినవి.

నేడు ఆధారు కొఱకు పది వ్రేళ్లును, కనుపాపలును గ్రహింపబడుచున్నవి. వలలు లాగి, సున్నము కలిపి, రాళ్లు మోసి వ్రేలి రేఖలు అరిగిపోయిన శ్రమజీవులను యంత్రము గుర్తింపక త్రిప్పి పంపుట కలదు. ఎముకలను నమ్మిన బెర్తియోన్ ఈ సంగతి వినినచో తల పంకించి యుండెడివాడు. నిపుణులు పొరబడుటయు నాగిపోలేదు. 2004లో మాడ్రిడ్ రైలు ప్రేలుళ్ల విషయమున అమెరికా పరిశోధకులు ఒక ముద్రను చూచి, ఆ నేరముతో ఏ సంబంధము లేని న్యాయవాదిని నిర్బంధించి, స్పెయిను పోలీసులు నిజమైన వ్యక్తిని చూపిన పిదప క్షమాపణ చెప్పుకొనిరి.

మన దేశమున 1920లో ఖైదీల గుర్తింపు శాసనము చేసినపుడు వ్రేలిముద్రలను, పాదముద్రలను కొలతలు అను మాట క్రిందనే చేర్చిరి. దానికి మారుగ 2022లో వచ్చిన శాసనమును ఆ మాటను విడువలేదు. వ్రేలిముద్ర, అరచేతి ముద్ర, ఛాయాచిత్రము, కనుపాప, రక్తము మొదలగు నమూనాలు, కడకు సంతకము, చేవ్రాతయు, ఇవన్నియు శాసనపు భాషలో కొలతలే.